ఫ్రిజ్ మీద పెట్టిన ఐరన్ సీసా

మా మనవరాలికి అప్పుడు పదమూడో నెల. ఆ గురువారం సాయంత్రం హాల్లో దివాన్ మీద కూర్చోబెట్టి, పక్కనున్న నీళ్ల చెంబు అందుకునేంతలో కింద పడింది. ఆ దివాన్ నా మోకాలి ఎత్తు కూడా ఉండదు. కింద చాప పరిచే ఉంది. బొప్పి కట్టలేదు, వాంతి కాలేదు, స్పృహ తప్పలేదు. రెండు నిమిషాలు గుక్కపట్టి ఏడ్చి, నా భుజం మీద తల వాల్చి ఊరుకుంది. పిల్లలు పడుతూ లేస్తూనే ఉంటారు కదా అనుకున్నాను.

గంట తర్వాత బిస్కెట్ ఇవ్వబోతే ఎడమ చెయ్యి చాపింది. "కుడిచేత్తో తీసుకోవాలి తల్లీ" అంటూ కుడి అరచేతిలో పెట్టాను. వేళ్లు మూసుకోలేదు. బిస్కెట్ జారి నా ఒళ్లో పడింది. మళ్లీ పెట్టాను, మళ్లీ జారింది. చెయ్యి పైకెత్తి వదిలితే తడిగుడ్డలా పక్కకి వాలిపోయింది.

మాది గుంటూరు బ్రాడీపేట. నేను ఇరవై తొమ్మిదేళ్లు స్కూల్లో టీచరుగా చేసి రిటైరయ్యాను. మా అమ్మాయి మళ్లీ ఆఫీసుకి వెళ్లడం మొదలుపెట్టినప్పటి నుంచి, అంటే పాపకి పదకొండు నెలలు నిండినప్పటి నుంచి, పగలంతా పాప నా దగ్గరే. అల్లుడు ఉద్యోగం హైదరాబాద్‌లో, శనివారాలు వస్తాడు.

మావారు చూసి "చెయ్యి బెణికినట్టుంది" అన్నారు. దగ్గర్లో ఉన్న ఎముకల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాం. ఎక్స్‌రే తీశారు. ఎముక బాగానే ఉంది. చిన్నపిల్లలకి మోచేతి దగ్గర కీలు కాస్త జారుతుంది, అదే అయ్యుంటుంది అని చెయ్యి తిప్పి చూసి, నొప్పికి సిరప్ రాసి పంపించారు. ఆయన కాలు చూడలేదు, మొహం చూడలేదు. మాకూ చూడమని అడగాలని తోచలేదు. ఈ భాగం ఇంత వివరంగా ఎందుకు రాస్తున్నానంటే, ఆ రాత్రంతా మేం పోగొట్టుకున్నది అక్కడే. పసిపిల్లకి పక్షవాతం వస్తుందన్న ఆలోచనే మాలో ఎవ్వరికీ లేదు.

తెల్లవారుజామున నాలుగున్నరకి పాలకోసం లేచి ఏడ్చింది. అమ్మాయి లైటు వేసింది. ఏడుస్తున్నప్పుడు మూతి ఎడమవైపుకి లాగేస్తోంది. కుడి చెంప కదలడం లేదు. నిలబెడితే కుడికాలు ఆనడం లేదు. అమ్మాయి చేతులు వణుకుతూ అల్లుడికి ఫోన్ చేసింది. అతను ఎవరో తెలిసిన డాక్టరుని నిద్రలేపి అడిగి, ఐదు నిమిషాల్లో మళ్లీ చేశాడు. "అత్తయ్యా, ఇంకెక్కడా ఆగొద్దు. స్కానింగులు, పిల్లల న్యూరాలజిస్టు రెండూ ఉన్న ఆస్పత్రికి నేరుగా వెళ్లండి. నేను బయల్దేరుతున్నా."

పక్కింటివాళ్ల కారులో విజయవాడ బయల్దేరాం. కాజ టోల్‌గేటు, మంగళగిరి, వారధి. రోజూ ఎరిగిన దారే, ఆ ఉదయం ఎంతకీ తెమల్లేదు. పాప మాత్రం అమ్మ ఒళ్లో మెలకువగానే ఉండి కిటికీలోంచి చూస్తోంది. సూర్యారావుపేట చేరేసరికి ఆరున్నర.

అక్కడ అత్యవసర విభాగంలో ఉన్న డాక్టరమ్మ వయసు మా అమ్మాయి కంటే తక్కువే ఉంటుంది. అడిగిన మొదటి ప్రశ్న "ఎప్పుడు పడింది?" అని కాదు. "రెండు చేతులూ మామూలుగా ఆడిస్తుండగా ఆఖరిసారి ఎప్పుడు చూశారు?" అని. నేను గడియారం గుర్తు చేసుకుని, సాయంత్రం ఐదు అని చెప్పాను. ఆమె పాప కింది కనురెప్పని వేలితో కిందికి లాగి చూసింది. తర్వాత పాప అరచేతిని మా అమ్మాయి అరచేతి పక్కన పెట్టి మాకు చూపించింది. ఒకటి గులాబీ రంగులో ఉంది. రెండోది కాగితంలా ఉంది.

ఆ తెలుపు గురించే ఇన్నాళ్లూ మేం మురిసిపోయాం. "మీ మనవరాలు ఎంత తెల్లగా ఉందండీ" అని అపార్ట్‌మెంట్‌లో అందరూ అనేవాళ్లు, నేను దిష్టి తీసేదాన్ని. అది రంగు కాదు, రక్తం లేకపోవడం. వేళ్ల కణుపుల మీద మాత్రం నల్లగా ఉండేది. దానికి రోజూ స్నానంలో సున్నిపిండి పెట్టి రుద్దేదాన్ని. ఎంత రుద్దినా పోయేది కాదు. డాక్టరమ్మ ఆ కణుపులని కూడా వేలితో తడిమి చూసి, కేస్ షీట్‌లో ఏదో రాసుకుంది.

సీటీ స్కాన్ ఐదు నిమిషాల్లో అయిపోయింది. పిల్లల న్యూరాలజిస్టు వచ్చి కంప్యూటర్ తెర మీద మాకు బొమ్మ చూపించారు. మెదడు లోతుల్లో, నడిమధ్యకి కాస్త ఇటూ అటూ, సన్నటి తెల్లగీతలు. వాకిట్లో ముగ్గుపిండి వేళ్ల సందుల్లోంచి జారితే పడే గీతలంత సన్నం. అవి వెంట్రుకల్లాంటి రక్తనాళాలని, వాటి గోడలకి కాల్షియం పట్టి బిరుసెక్కాయని, చిన్న కుదుపుకి కూడా అవి సాగి మూసుకుపోతాయని చెప్పారు. ఆ నాళం ఏ భాగానికి రక్తం ఇస్తుందో ఆ భాగం దెబ్బతింటుంది. పాపకి దెబ్బతిన్నది మెదడులో ఎడమవైపు, అందుకే కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. ఆరు నెలల నుంచి రెండేళ్ల లోపు పిల్లల్లో, మంచం మీంచో ఒళ్లోంచో పడిన కొద్ది గంటల్లో ఇలా కనిపిస్తుందట. మన హైదరాబాద్ డాక్టర్లే 2014లో ఇలాంటి పసిపిల్లల వివరాలు చేర్చి వైద్యపత్రికలో రాశారని చెప్పారు. ఎమ్మారైలో ఈ సన్నగీతలు కనిపించకుండా పోవచ్చని, అందుకే ముందు సీటీ తీశామని కూడా చెప్పారు.

"పడటం వల్లే వచ్చిందా డాక్టరు గారూ? నేను చెంబు కోసం తిరక్కపోతే..." అన్నాను. మాట పూర్తి కాలేదు.

"అమ్మా, పిల్లలందరూ పడతారు. ఈ పాప మెదడు నాళాలు ముందే బిరుసుగా ఉన్నాయి. ఒంట్లో రక్తమూ లేనట్టుంది. రిపోర్టులు రానివ్వండి" అన్నారు.

మధ్యాహ్నానికి రిపోర్టులు వచ్చాయి. ఆ అంకెలు నాకు ఇప్పటికీ నోటికొచ్చు. హిమోగ్లోబిన్ 7.4. ఆ వయసుకి 11 అయినా ఉండాలి. ఒంట్లో ఐరన్ నిల్వ ఎంతుందో చెప్పే ఫెరిటిన్ 4. రక్తం గడ్డకట్టించే కణాలు, ప్లేట్‌లెట్లు, 6 లక్షల పైన, అంటే ఎక్కువ. బీ12 విటమిన్ 165, కనీసం 200 అయినా ఉండాలన్నారు. హోమోసిస్టీన్ ఎక్కువ. ఈ చివరి పరీక్ష రక్తాన్ని ఆలస్యం చేస్తే లెక్క తప్పు వస్తుందట. ల్యాబ్ కుర్రాడు సీసాని ఐసు ముక్కల్లో పెట్టుకుని పరుగులాంటి నడకతో వెళ్లడం నా కళ్లలో ఉండిపోయింది. గుండెకి స్కాన్ తీశారు, బాగుంది. రక్తం గడ్డకట్టే జబ్బుల పరీక్షలు బయటి ల్యాబుకి పంపారు, వాటిలో తర్వాత ఏమీ తేలలేదు.

ఎందుకు, ఎలా అని మా అల్లుడు గుచ్చిగుచ్చి అడిగాడు. డాక్టరు గారు విసుక్కోకుండా చెప్పింది నాకు అర్థమైనంతలో ఇది. ఐరన్ తక్కువైతే రక్తం ఆక్సిజన్‌ని సరిగా మోయలేదు. ప్లేట్‌లెట్లు పెరిగి రక్తం గడ్డకట్టే గుణం ఎక్కువవుతుంది. ఎర్రకణాలు కూడా మెత్తదనం పోయి సన్ననాళాల్లో తేలిగ్గా సాగవు. బీ12 కథ వేరు. ఒంట్లో హోమోసిస్టీన్ అనే పదార్థాన్ని ఎప్పటికప్పుడు తొలగించడానికి బీ12, ఫోలిక్ యాసిడ్ కావాలి. అవి లేకపోతే అది పేరుకుపోయి నాళాల లోపలి పొరని దెబ్బతీస్తుంది. కెనడాలో 2007లో డాక్టర్లు ఒక అధ్యయనం చేశారట. మిగతా జబ్బులేవీ లేకుండా స్ట్రోక్ వచ్చిన 15 మంది చిన్నపిల్లల్లో 8 మందికి ఐరన్ లోపంతో వచ్చిన రక్తహీనత ఉందని తేలింది. స్ట్రోక్ రాని పిల్లల్లో అది నూటికి 9 మందికే ఉంది. "అంతమాత్రాన రక్తం తక్కువున్న పిల్లలందరికీ ఇలా అవుతుందని కాదు. ఇది చాలా అరుదు. ఫలానా ఒక్కదాని వల్లే అని వేలు పెట్టి చూపించలేను. కానీ మన చేతిలో ఉన్నవి ఈ రెండు లోపాలే, ముందు వాటిని సరిచేద్దాం" అన్నారు.

తర్వాత నన్నే అడిగారు, పగలంతా చూసేది నేనే కాబట్టి. "పొద్దున్నించి రాత్రి దాకా పాప ఏం తింటుందో చెప్పండమ్మా." నేను చెబుతుంటే కాగితం మీద రాసుకుంటూ పోయారు. లేవగానే పాలు. ఎనిమిదింటికి ఇడ్లీ, పాలలో నానబెట్టి. పదకొండింటికి పాలు. మధ్యాహ్నం మెత్తటి పెరుగన్నం. సాయంత్రం పాలు, బిస్కెట్. రాత్రి పాలన్నం. కాగితం నా వైపు తిప్పి, "చూడండమ్మా, అన్నీ తెల్లనివే" అన్నారు.

కారం పడదని పప్పు పెట్టలేదు. ఆకుకూర అరగదని పెట్టలేదు. పాలు అరగాలని సగానికి సగం నీళ్లు కలిపేదాన్ని. అలా రోజుకి లీటరు దాకా తాగేది, ఆ కడుపులో ఇంక వేరే తిండికి చోటెక్కడ? పాలల్లో ఐరన్ ఉండదనే చెప్పాలి, పైగా వేరే తిండిలోని ఐరన్‌ని కూడా ఒంటికి పట్టనివ్వదు. బిడ్డ పుట్టేటప్పుడు తెచ్చుకునే ఐరన్ నిల్వ ఆరు నెలలకి అయిపోతుంది. ఆ తర్వాత అంతా పెట్టే తిండిలోంచే రావాలి. ఇంత చిన్న లెక్క. రక్తహీనత పాఠం ఎన్ని బ్యాచ్‌లకి చెప్పానో నేను. అది నా వంటింటి పాఠమని నాకు తట్టలేదు.

బీ12 తక్కువ అవడానికి దారి ఇంకా వెనక ఉంది. మేం శాకాహారులం. కడుపుతో ఉన్నప్పుడు మా అమ్మాయికి పాలవాసన పడేది కాదు, పెరుగు ముట్టేది కాదు. బీ12 చెట్టూచేమల్లో దొరకదు, పాలు, గుడ్డు, మాంసం, చేపల్లోనే ఉంటుంది. తల్లికి లేనిది కడుపులోని బిడ్డకీ రాదు, తల్లిపాలల్లోకీ రాదు. అమ్మాయికి కూడా పరీక్ష చేస్తే 118 ఉంది. రెండు నెలలుగా పాప పైపాలు తాగుతోంది కాబట్టి ఈ 165 అయినా ఉందన్నారు. కణుపుల నలుపు కూడా బీ12 లోపం గుర్తేనట. నేను సున్నిపిండితో రుద్దింది అదన్నమాట. ఆ రాత్రి ఆస్పత్రి వరండాలో కూర్చుని ఏడ్చాను. అమ్మాయి వచ్చి పక్కన కూర్చుని, "నువ్వు ప్రేమగానే పెట్టావు కదమ్మా" అంది. దాంతో ఏడుపు ఇంకా ఎక్కువైంది.

రక్తం ఎక్కించాలేమో అని భయపడ్డాం. నాడి, గుండె బాగానే ఉన్నాయి, మందులతోనే పెరుగుతుంది అన్నారు. మర్నాడు ఎమ్మారై. దానికి ఆరు గంటల ముందు నుంచి పాలు కూడా పట్టకూడదు, తర్వాత నిద్రమందు. ఆకలితో ఏడ్చే పిల్లని ఎత్తుకుని ఆ వరండాలో ఈ చివర నుంచి ఆ చివరకి తిరిగిన ఆ గంటలే ఆస్పత్రిలో నాకు అన్నిటికంటే కష్టమైనవి. చిన్న మోతాదులో ఆస్పిరిన్ మొదలుపెట్టారు. జ్వరం, జలుబు, ఆటలమ్మ లాంటివి వస్తే వెంటనే తమకి ఫోన్ చేయాలని, అప్పుడు ఆస్పిరిన్ ప్రమాదమని పెద్ద అక్షరాలతో చీటీ మీద రాసిచ్చారు. ఆ చీటీ ఇప్పటికీ మా దేవుడి గూటి పక్కన అతికించి ఉంది.

పక్క బెడ్‌లో నలభై రోజుల బిడ్డ ఉండేవాడు. వాడిది మెదడులో రక్తస్రావం. ఇంట్లోనే కాన్పు అయిందట, పుట్టగానే తొడకి వేసే విటమిన్ కే ఇంజెక్షన్ పడలేదు. రక్తం గడ్డకట్టడానికి ఆ విటమిన్ కావాలి, తల్లిపాలల్లో అది చాలా తక్కువ. ఒక్క మిల్లీగ్రాము సూదిమందు. మా పాపకి నాళం మూసుకుపోయి వచ్చింది, ఆ బిడ్డకి నాళం లీకై వచ్చింది. వాళ్ల నాయనమ్మ, నేను ఒకే ఫ్లాస్కులోంచి కాఫీ తాగుతూ కూర్చునేవాళ్లం. మేం వచ్చేసేటప్పటికి వాడు కళ్లు తెరిచి చూస్తున్నాడు.

ఐదో రోజు ఇంటికొచ్చాం. నేను మొదట చేసిన పని, వంటింట్లో ఫ్రిజ్ మీద చెయ్యి పెట్టి తడమడం. పాపకి ఏడో నెలలో ఆశా కార్యకర్తగా చేసే అమ్మాయి తెచ్చిచ్చిన ఐరన్ సీసా అక్కడే ఉంది, పాత క్యాలెండర్ వెనక. 50 మిల్లీలీటర్ల సీసా, సీలు కూడా తీయలేదు. వారానికి రెండుసార్లు ఒక్కో మిల్లీలీటరు వేయాలని ఆ అమ్మాయి చెప్పింది. "పళ్లు నల్లబడతాయి, పిల్లకి వేడి చేస్తుంది" అని నేనే పక్కన పెట్టాను. ఎనీమియా ముక్త్ భారత్ అనే ప్రభుత్వ కార్యక్రమం కింద ఐదేళ్ల లోపు పిల్లలకి ఇది ఊరికే ఇస్తారు. కారణం లేకుండా ఇవ్వడం లేదు, 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఆరు నెలల నుంచి ఐదేళ్ల లోపు పిల్లల్లో నూటికి 67 మందికి రక్తహీనత ఉంది. ఆ 67 మందిలో మా పాప ఒకతి. ఆ మందు మా ఇంట్లోనే, మా పాపకి ఆరడుగుల దూరంలో ఉంది.

డాక్టరు గారిని అడిగాను. ఆ సీసా లోపం రాకుండా వేసేది, ఇప్పుడు పాపకి రోజూ, ఎక్కువ మోతాదు కావాలి అని వేరే చుక్కలు రాశారు. అవి పాలతో కలిపి వేయకూడదు. పాలకి రెండు గంటల ఎడం ఉంచి, కాస్త బత్తాయి రసంతో వేసేదాన్ని. డ్రాపర్‌ని నాలుక వెనక పెట్టి వేసి, తర్వాత నీళ్లు తాగిస్తే పళ్లు నల్లబడలేదు. మలం నల్లగా వచ్చింది, ముందే చెప్పారు కాబట్టి కంగారు పడలేదు. రాగిజావ, బెల్లం, ఖర్జూరంతో సరిపోదా అని మా ఆడపడుచు అడిగింది. అవన్నీ మంచివే, పెట్టాం కూడా. కానీ 4కి పడిపోయిన నిల్వ తిండితో నిండదు, మందు పడాల్సిందే. బీ12 మొదట సూదులు, తర్వాత చుక్కలు. మా అమ్మాయికీ సూదులు పడ్డాయి.

పాలు నాలుగు వందల మిల్లీలీటర్లకి తగ్గించాం, నీళ్లు కలపకుండా. మొదటి వారం పాలసీసా కోసం ఇల్లు అదిరేలా ఏడ్చింది. ఎనిమిదో రోజుకి టమాటా పప్పన్నం, నాలుగు నిమ్మచుక్కలు పిండి పెడితే నోరు తెరిచింది. తోటకూర, మునగాకు పప్పులోనే ఉడికించి మెత్తగా మెదిపేదాన్ని.

గుడ్డు సంగతి చెప్పాలి. డాక్టరు గారు బలవంతం చేయలేదు. "పెట్టగలిగితే మంచిది, లేదంటే బీ12 చుక్కలు మాత్రం మానకండి" అన్నారు. మా వంటింట్లోకి ఎప్పుడూ గుడ్డు రాలేదు. నేను ఏమీ అనలేదు, అమ్మాయి ఏమీ అడగలేదు. రెండు రోజుల తర్వాత మావారు సాయంత్రం సంధ్యావందనం ముగించుకుని బయటికి వెళ్లి, న్యూస్‌పేపర్లో చుట్టిన రెండు గుడ్లు తెచ్చి బాల్కనీలో పెట్టారు. "ఇండక్షన్ స్టవ్ ఇక్కడ పెడతాను, చిన్న గిన్నె ఒకటి విడిగా ఉంచు" అన్నారు. అంతే. ఇంకేం మాట్లాడలేదు.

చేతికి ఫిజియోథెరపీ వారానికి మూడు రోజులు, ఇంట్లో రోజూ. ఫిజియో అమ్మాయి నేర్పిన ఉపాయం, బాగున్న ఎడమచేతికి సాక్సు తొడగడం. అలా రోజుకి గంట. అప్పుడు ఏది కావాలన్నా కుడి చేత్తోనే ప్రయత్నించాలి. కోపంతో సాక్సుని పళ్లతో లాగేసేది. చిన్న ఇడ్లీ ముక్కలు ప్లేట్లో పెట్టి ఎదురుగా కూర్చునేదాన్ని. మొదటి పది రోజులు చెయ్యంతా ప్లేటు మీద ఆన్చి దులిపేసేది. పదిహేడో రోజున నాలుగు వేళ్లూ అరచేతిలోకి ముడిచి ఒక ముక్కని నలిపి పట్టుకుంది. నోటిదాకా వెళ్లలేదు, చెంపకి పూసుకుంది. దాన్ని తుడవకుండా అలాగే ఫోటో తీసి అల్లుడికి పంపాం.

నెలకి హిమోగ్లోబిన్ 9.1, మూడు నెలలకి 11.6. అంకె సరైందని మందు ఆపొద్దు, నిల్వ నిండడానికి ఇంకో మూడు నెలలు వేయమన్నారు, వేశాం. కణుపుల నలుపు దానంతటదే పోయింది. మూతి వంకర రెండు వారాల్లో సర్దుకుంది. పదిహేడో నెలలో నడిచింది. మళ్లీ పడితే మళ్లీ వచ్చే అవకాశం ఉందన్నారు కాబట్టి దివాన్, మంచాలు తీసేసి నేలమీదే పరుపులు వేశాం. రెండోసారి రాలేదు.

అప్పటి నుంచి పసిపిల్లలు కనిపిస్తే ముందు అరచేతులు చూస్తున్నాను. కింది పోర్షన్‌లో తొమ్మిది నెలల బాబు ఉన్నాడు. బొమ్మ ఎటు పెట్టినా ఒక్క చేత్తోనే అందుకుంటున్నాడేమో అని కూడా గమనించాను, ఏడాది లోపు పిల్లలకి చేతివాటం ఉండకూడదని ఫిజియో అమ్మాయి చెప్పింది. రెండు చేతులూ బాగానే వాడుతున్నాడు. "ఐరన్ సీసా ఇచ్చారా?" అని వాళ్లమ్మని అడిగితే, వెతికి షూ ర్యాక్ పైనుంచి తెచ్చింది. తేదీ చూసి, సీలు తీసి, ఒక మిల్లీలీటరు ఎక్కడిదాకా వస్తుందో డ్రాపర్‌లో ఇద్దరం కలిసి చూశాం. ఒకసారి రక్తపరీక్ష చేయించమని కూడా చెప్పాను.

మా పాపకి ఇప్పుడు ఇరవై రెండో నెల. ఆస్పిరిన్ ఇంకా ఉంది, వచ్చే నెల చూపించాలి. పరుగెడుతుంది, మాటలు వస్తున్నాయి. కుడి బొటనవేలు మాత్రం ఇంకా నిదానం. నా పాత పలక ముందేసుకుని కూర్చుంటోంది ఈమధ్య. బలపం ఇస్తే తొందరలో ఎడమచెయ్యే ముందు చాపుతుంది. నేను ఇవ్వకుండా కాసేపు ఆగి, కుడి అరచేతిలో పెట్టి, వేళ్లు మూసుకునేదాకా చూస్తున్నాను.